మేడ్చల్ ఆఫీసులో లినక్సు: ఇంతకీ కొత్తవాడెవడు?

"కొత్తవాళ్ళకి ఏ లినక్సు మంచిది?" అని అడిగితే మన ఐటీ జనం దగ్గర జవాబు ఎప్పుడూ తయారుగా ఉంటుంది. ఒకాయన ఉబుంటు అంటాడు, ఇంకొకాయన మింట్ అంటాడు, మూడో మహానుభావుడు ఆర్చ్ అని మొదలెట్టి భోజనాల వేళ దాకా వదలడు. ఇంజనీరింగులో ఉండగా ఈ వాదనలతో మా హాస్టల్లో చాలా సాయంత్రాలు గడిచిపోయాయి. అయితే ఇన్ని వాదనల్లోనూ ఒక ప్రశ్న ఎవరూ వెయ్యగా నేను వినలేదు. ఆ కొత్తవాళ్ళంటే అసలు ఎవరు?

మనం మన గురించే అనుకుంటాం. సొంత లాప్‌టాపులో సరదాకి పెన్‌డ్రైవ్ పెట్టి ఎక్కించుకునే కుర్రాడు. పాడైతే మళ్ళీ ఎక్కించుకుంటాడు, వాడికదో ఆట. ఆఫీసు కంప్యూటరు సంగతి అలా కాదు. అక్కడ టైముకి ఈ-వే బిల్లు తియ్యకపోతే సరుకెక్కించిన లారీ గేటు దాటదు.

విషయానికొస్తాను. మా బాబాయికి మేడ్చల్ ఇండస్ట్రియల్ ఏరియాలో అట్టపెట్టెల యూనిట్ ఉంది. పెట్టెలు ఎక్కువగా శామీర్‌పేట అవతల తుర్కపల్లి వైపు, అంటే జీనోమ్ వ్యాలీలో ఉన్న మందుల కంపెనీలకి పోతాయి. ఆఫీసులో తొమ్మిది కంప్యూటర్లు. దాదాపు అన్నీ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, సీటీసీలో కొన్న సెకండ్ హ్యాండ్ సరుకే. నాలుగో తరం ఐ3, నాలుగు జీబీ ర్యామ్, పైన విండోస్ 10. మొన్నమొన్నటి దాకా ఏ గొడవా లేకుండా నడిచాయి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్టు మామూలు సపోర్టు ఆపేసింది. బాబాయికి ఆ విషయం తెలీదు, తెలిసినా పట్టించుకునే రకం కాదు. పట్టించుకోవాల్సి వచ్చింది ఎందుకంటే, పెట్టెలు కొనే మందుల కంపెనీ ఒకటి సరఫరాదార్లందరికీ నాలుగు పేజీల ఫారం పంపింది. మీ కంప్యూటర్లలో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కి సపోర్టు ఉందా? లైసెన్సు కాపీ జతచెయ్యండి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎవరు చూస్తారు? బ్యాకప్ ఎక్కడ? ఇలా. ఆ కంపెనీ బాబాయి అమ్మకాల్లో మూడో వంతు.

ఫోన్ వచ్చింది. "ఏమిరా, నువ్వు కంప్యూటర్ల పనే గద చేసేది. ఇదేందో సూడరాదు. పైసలు ఎంతయితయ్?"

పైసలు లెక్కేశాం. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరో ఆపైదో ఉండాలి. కాబట్టి ఉన్న తొమ్మిదీ ఎక్కవు. పాతదాన్నే పొడిగించుకుందామంటే వ్యాపార సంస్థలకి మొదటి ఏడాది ఒక్కో మెషిన్‌కి 61 డాలర్లు, రెండో ఏడాది దానికి రెట్టింపు, మూడో ఏడాది మళ్ళీ రెట్టింపు, అక్కడితో అదీ సరి. మొదటి ఏడాదికే ఒక్కోదానికి ఐదు వేల పైమాట. పార్క్‌లేన్ బండి ధరలో సగం దానికే పోతుంది. తొమ్మిదీ కొత్తవి కొనడం అంటే... బాబాయి మొహం చూసి ఆ లెక్క మధ్యలోనే ఆపేశాను.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పుకోవాలి. లినక్సు ఫ్రీ అని మనం గొప్పగా చెబుతాం. చిన్న ఆఫీసుల్లో ఆ మాట ఎవరి చెవికీ ఎక్కదు, ఎందుకంటే వాళ్ళ దృష్టిలో విండోసూ ఫ్రీయే! రిపేరు కుర్రాడు వచ్చి మూడొందలు తీసుకుని ఫార్మాట్ కొట్టి వేసిచ్చే విండోసుకి ధర అంటూ ఉంటుందని చాలామందికి తెలీదు. స్వేచ్ఛ, సమానత్వం కబుర్లు చెబితే ఛాయ్ తాగించి పంపుతారు. పని జరిగేది బయటి నుంచి లైసెన్సు కాగితం అడిగేవాడు వచ్చినప్పుడే. మా విషయంలో ఆ పుణ్యం సదరు ఫారానిది.

సరే, ఏది వెయ్యాలి?

ఫెడోరా నాకిష్టం, నా సొంత లాప్‌టాపులో అదే. కానీ ఆర్నెల్లకో కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి సపోర్టు దాదాపు పదమూడు నెలలు. ఏడాదికోసారి తొమ్మిది మెషిన్లు అప్‌గ్రేడ్ చెయ్యడానికి మేడ్చల్ ఎవరు పోతారు? ఆర్చ్ లాంటి రోలింగ్‌వాటి ఊసే వద్దు. డెబియన్ రాయిలా నిలబడుతుంది, 2025 ఆగస్టులో 13 కూడా వచ్చింది. తెలిసినవాడు పక్కనుంటే దానికి మించింది లేదు. జోరిన్ వాళ్ళు తెలివిగా విండోస్ 10 ఆగిపోయిన రోజే తమ 18 వెర్షన్ విడుదల చేశారు. చూడముచ్చటగా ఉంది, కాకపోతే పక్కన పెట్టాను. కారణం వెనక చెబుతాను. మన దేశీ సరుకు సీడాక్ వారి బాస్ లినక్సు ఉంది, తెలుగుతో సహా మన భాషలన్నీ అందులో ఉన్నాయి. ఇంకా మన హైదరాబాదు స్వేచ్ఛ సంస్థ 2005లోనే తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. తెలుగులో మెనూలు చూసి ముచ్చటపడ్డ సీనియర్లు నాకు కొంతమంది తెలుసు. దాని విలువ దానిదే. కానీ నేను వెతుకుతున్నది వేరు. ఏ మూల ఏ ఎర్రర్ వచ్చినా, దాన్ని గూగుల్లో కొడితే ముందే ఎవడికో వచ్చి, వాడు తిట్టుకుని, ఇంకెవడో పరిష్కారం రాసి ఉండాలి. అంత జనం వాడేది ఉబుంటు, దాని పిల్లలూ.

అంచేత ఉబుంటు 24.04 మీద కట్టిన లినక్స్ మింట్ 22, అందులోనూ తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ రకం. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. కింద ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం. ఉబుంటు నేరుగా వెయ్యొచ్చు కదా అంటారు. వెయ్యొచ్చు. నాలుగు జీబీ ర్యామ్ మీద దాని గ్నోమ్ డెస్క్‌టాప్ ఆయాసపడుతుంది, పైగా ఎడమ పక్కన ఆ నిలువు పట్టీ చూసి డిస్పాచ్ ఆయన "ఇది ఫోనా?" అన్నాడు. అంతటితో తేలిపోయింది.

వాడేవాళ్ళు ఇబ్బంది పడతారని నాకు భయమేమీ లేదు, పడలేదు కూడా. అకౌంట్స్ అక్క, డిస్పాచ్ ఆయన, స్టోర్స్ కుర్రాడు... వీళ్ళ పనిలో ముప్పాతిక భాగం బ్రౌజర్లోనే. జీఎస్టీ, ఈ-వే బిల్లు, పీఎఫ్, బ్యాంకు, మెయిలు. క్రోమ్ ఎక్కడుందో చూపిస్తే మధ్యాహ్నానికి వాళ్ళ గోలలో వాళ్ళున్నారు. లిబ్రెఆఫీసు దగ్గర కాస్త కథ నడిచింది. ఫైల్ సేవ్ చేస్తే దాని సొంత ఫార్మాట్‌లో పోయి, అవతలివాడు తెరవలేకపోవడం మామూలు గొడవ. సెట్టింగుల్లో ఎప్పుడూ ఎక్సెల్ ఫార్మాట్‌లోనే సేవ్ అయ్యేట్టు మొదటి రోజే మార్చిపెట్టాలి. ఇంకొకటి, కాలిబ్రి ఫాంటు లినక్సులో ఉండదు. దాని కొలతలతోనే చేసిన కార్లిటో, అలాగే కాంబ్రియాకి బదులు కాలడియా వేస్తే కొటేషన్లలో లైన్లు కిందకీ మీదకీ జారవు. మాక్రోలు ఉన్న ఎక్సెల్ షీటు ఒకటే ఉంది, జీతాలది. దాన్ని ముట్టుకోలేదు.

ప్రింటర్ల గురించి ఒక్క ముక్క. మన ఊళ్ళో ఏ ఆఫీసులో చూసినా కనపడేవి రెండు: హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 (లేదా దాని తమ్ముడు ఎం1005), కేనన్ ఎల్‌బీపీ 2900. మొదటిదానికి హెచ్‌పీలిప్‌తో పాటు హెచ్‌పీ ప్లగిన్ కూడా దించితే హాయిగా నడుస్తుంది, అది లేకపోతే కదలదు. రెండోదాని క్యాప్ట్ పద్ధతికి లినక్సులో దారి ఉంది గానీ ముళ్ళదారి. డిస్ట్రో ఏదా అని తలబద్దలు కొట్టుకునే ముందు ప్రింటరు మోడల్ చూసుకోండి. బాబాయి అదృష్టం, ఆయన దగ్గరున్నది 1020.

ఇహ అసలు కొత్తవాడి దగ్గరికి వద్దాం.

ఆ యూనిట్‌కి పదేళ్ళుగా కంప్యూటర్లు చూసేది మేడ్చల్ డిపో దగ్గర షాపున్న ఓ కుర్రాడు. ఫోన్ చేస్తే అరగంటలో బండి మీద దిగుతాడు. ర్యామ్ తుడిచి పెట్టడం, ఎస్సెమ్మెస్ మార్చడం (మనం పీఎస్‌యూ అంటామే, దాన్ని వీళ్ళంతా ఎస్సెంపీఎస్, ఎస్సెమ్మెస్ ఏదోటి అంటారు), వైరస్ వస్తే ఫార్మాట్. నేను ఉండేది గచ్చిబౌలి. అక్కడినుంచి ఔటర్ మీద ఎంత తోలినా ముప్పావుగంటకి తక్కువ కాదు, పైగా వారానికి ఐదు రోజులు నా ఉద్యోగం నాకుంది. కాబట్టి మంగళవారం పొద్దున ఒక మెషిన్ లేవకపోతే దాని ముందు కూర్చునేది నేను కాదు, ఆ కుర్రాడు. లినక్సుకి కొత్తవాడు వాడే! అకౌంట్స్ అక్కకి మెనూ ఎక్కడుందో తెలిస్తే చాలు. వాడికి మాత్రం బూట్ ఆర్డర్ నుంచి పాడైన ప్యాకేజీ దాకా తెలియాలి. వాడికి తెలీకపోతే వాడు చేసేది ఒక్కటే... తనకి వచ్చిన పని. ఫార్మాట్ కొట్టి మళ్ళీ ఆ క్రాక్ విండోస్. ఫారం, లైసెన్సు, అన్నీ మళ్ళీ మొదటికి.

ఇన్ని కంపెనీల్లో పనిచేసే మనకి ఇది కొత్త కాకూడదు నిజానికి. ప్రొడక్షన్లో పెట్టే ముందు రాత్రి పన్నెండింటికి ఫోన్ ఎత్తేదెవరు అని అడుగుతాం కదా. చుట్టాల ఆఫీసుకి డిస్ట్రో చెప్పేటప్పుడు మాత్రం మర్చిపోతాం.

అందుకని రెండు ఆదివారాలు ఆ కుర్రాడితో కూర్చున్నా. మొదటి ప్రశ్నే: "అన్నా, గిందుల సీ డ్రైవ్ కనవడ్తలేదు?" నవ్వొచ్చింది గానీ, అడగాల్సిన ప్రశ్నే అది. వాడి వృత్తి మొత్తం ఆ సీ, డీల మీదే నడిచింది. సీ ఫార్మాట్ చెయ్, డీలో డేటా భద్రం. అందుకే హోమ్‌ని వేరే పార్టిషన్‌గా పెట్టాం. "ఇది నీ సీ, ఇది నీ డీ" అంటే ఐదు నిమిషాల్లో అర్థమైంది. (లినక్సు పండితులు నన్ను క్షమించాలి.) మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అని ఒకటుంది. సిస్టమ్ ఎలా ఉందో అలా గుర్తుపెట్టుకుని, పాడైతే వెనక్కి తీసుకెళుతుంది. డేటాకి బ్యాకప్ కాదది, సిస్టమ్‌కి మాత్రమే. అది ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే వాడే అన్నాడు, "అంటే మన ఘోస్ట్ లెక్కనా అన్నా?" అవును తమ్మీ, అచ్చం ఘోస్ట్ లెక్కనే. టెర్మినల్లో వాడికి నేర్పింది ఏడో ఎనిమిదో కమాండ్లు. షాపులో గోడకి అంటించుకున్నాడు.

ఇప్పుడు జోరిన్ సంగతి. దాన్ని వద్దన్నది అది బాగోలేక కాదు. వాడి ఫోన్లో యూట్యూబ్ తెరిచి సమస్య వెతకమంటే ఉబుంటుకీ మింట్‌కీ హిందీలో, తెలుగులో కూడా వీడియోలు దొరికాయి. తక్కినవాటికి అంతగా దొరకలేదు. నా ఎంపికకి అంతకంటే గొప్ప సాంకేతిక కారణం లేదు.

లినక్సు నిలబడ్డ చోట్లు చూసినా నాకు ఇదే కనపడుతుంది. మన జిల్లా కోర్టుల సంగతి చాలామంది ఐటీవాళ్ళకి తెలీదు. ఈ-కోర్ట్స్ ప్రాజెక్టులో సుప్రీంకోర్టు ఈ-కమిటీ ఉబుంటునే కోర్టులకి తగ్గట్టు మార్చి దేశమంతా ఇచ్చింది. కేసుల వివరాలు ఎక్కించే సీఐఎస్ అన్న సాఫ్ట్‌వేర్ ఎన్ఐసీ వాళ్ళు ఓపెన్ సోర్స్ మీదే కట్టారు. అక్కడ కీబోర్డు ముందున్నవాళ్ళు బెంచ్ క్లర్కులు, కాపీయిస్టులు, స్టెనోలు. మనలాగా సరదాకి డిస్ట్రోలు మార్చే రకం అసలే కాదు. అయినా నడిచిందంటే, జడ్జిల్లోంచే కొందరిని మాస్టర్ ట్రైనర్లుగా తయారుచేసి, వాళ్ళ ద్వారా కింది కోర్టుల దాకా శిక్షణ ఇచ్చుకుంటూ పోయారు. పక్కన కేరళ బళ్ళలోనూ అంతే, ముందు టీచర్లకి నేర్పారు. దీనికి ఎదురుగా జర్మనీలో మ్యూనిక్ నగరపాలిక ఉంది. 2003లో నిర్ణయం, సొంతంగా లిమక్స్ అని ఒక డిస్ట్రో, 2013కల్లా దాదాపు పదిహేను వేల మెషిన్లు. తీరా 2017లో మళ్ళీ విండోస్ వైపు తిరగాలని కౌన్సిల్ తీర్మానం. రాజకీయాలు ఉన్నాయంటారు, ఉండొచ్చు. నేను గమనించింది, సొంత డిస్ట్రో అంటే ఆ బరువు ఏళ్ళ తరబడి మోసేవాళ్ళు కావాలి. ప్రింటరు అరిగిపోతేనే మోసేవాడు లేని ఆఫీసులకి అది ఎలా కుదురుతుంది?

కంపెనీ పెద్దదైతే భరోసా అనుకోవడానికీ లేదు లెండి. సెంటాస్ 8ని 2021 చివరితోనే ఆపేస్తామని 2020 డిసెంబరులో రెడ్‌హ్యాట్ చెప్పినప్పుడు ఎంతమంది సర్వర్లు పట్టుకుని అల్మా, రాకీల వైపు పరిగెత్తారో మీకు గుర్తుండే ఉంటుంది.

తొమ్మిదింట్లో లినక్సు ఎక్కినవి ఆరే. ట్యాలీకి లినక్సు వెర్షన్ లేదు. వైన్‌లో నడుస్తుందని చూపించేవాళ్ళు ఉన్నారు. నడవచ్చు, కానీ మార్చి 31 రాత్రి అది నడవకపోతే నేను జవాబు చెప్పలేను. విండోస్ మెషిన్ ఒకటి పెట్టి అందరూ రిమోట్‌గా ఎక్కితే సరిపోదా అన్నాడు మా ఆఫీసులో ఒకడు. విండోస్ ప్రో ఒకసారి ఒక్కరినే రానిస్తుంది, మరి ముగ్గురు బిల్లింగు చేస్తారు కదయ్యా. అంచేత బిల్లుతో, లైసెన్సుతో రెండు కొత్త విండోస్ 11 మెషిన్లు కొన్నాం. ట్యాలీ, జీతాల షీటు, వేలిముద్ర మెషిన్ సాఫ్ట్‌వేర్ అన్నీ వాటి మీదే. ఆ పని మూడో ఆమెకి పంచడం కోసం బిల్లింగు వేళలు కాస్త మార్చుకున్నారు. తొమ్మిదోది లారీలు తూచే కాటా దగ్గరది. సీరియల్ పోర్టు, ఎవరో ఎప్పుడో రాసిచ్చిన ప్రోగ్రాము. దాని నెట్ వైరు పీకేసి, ఫారంలో ఉన్నదున్నట్టు రాశాం: పాత విండోస్, నెట్‌వర్క్‌లో లేదు. ఫారం వెళ్ళింది. ఆ ఒక్క వాక్యం మీద ఒక వివరణ అడిగారు, ఇచ్చాం. ఆర్డర్లు వస్తున్నాయి.

బాబాయి ఊరుకుంటాడా, ఊరంతా చెప్పాడు. శామీర్‌పేటలో మా బావకి జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. "ఏం బామ్మర్దీ, మా షాపుల గూడ పెట్టరాదు" అని పిలిచాడు. వెళ్ళి ఒక పూట కూర్చుని చూశా. జిల్లా కలెక్టరేట్ 2022లో అటు అంతాయిపల్లికి వచ్చినప్పటి నుంచి అర్జీలు, అఫిడవిట్లు, భూముల కాగితాలు. మనిషి నోటితో చెబుతుంటే బావ చూడకుండా కొడుతుంటాడు, ప్రింటు, నలభై రూపాయలు, తర్వాతివాడు. అంతా పేజ్‌మేకర్లో, అనూ ఫాంట్లతో. పేజ్‌మేకర్ ఆఖరి పెద్ద వెర్షన్ 7 వచ్చింది 2001లో. అడోబీ వదిలేసి ఎన్నేళ్ళయిందో, మన డీటీపీ షాపులు మాత్రం వదల్లేదు.

ఇక్కడ లినక్సుకి అడ్డం ఏ డిస్ట్రో తీర్చేది కాదు. అనూ ఫాంట్లలో రాసింది కంప్యూటరు దృష్టిలో తెలుగే కాదు. ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ముక్కలు, తలకట్టొకటి, వొత్తొకటి, బొమ్మల్లాగా పేర్చినవి. ఆ ఫాంటు తీసేస్తే మిగిలేది పిచ్చి గీతలు. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి గానీ, మార్చినదాంట్లో వొత్తులు సరిచూసుకోవాలి. భూమి కాగితంలో ఇంటిపేరు మీద వొత్తు జారితే ఎవరికి చెప్పుకుంటాం? కొత్తగా రాసేదానికైతే లినక్సులో ఏ లోటూ లేదు. రెడ్‌హ్యాట్ లోహిత్, దేశికాచార్యులు గారి పోతన, సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన మండలి, రామభద్ర, అన్నీ ఉచితం. ఐబస్ ఎం17ఎన్‌లో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌తో పాటు ఆపిల్ లేఅవుట్ కూడా ఉంది. బావ చేతివేళ్ళకి అలవాటైంది అనూలో ఆపిల్ కీబోర్డే కాబట్టి నా లాప్‌టాపులో కొట్టి చూడమన్నాను. రెండు లైన్లు తడుముకున్నాడు, మూడో లైన్ నుంచి పరుగు.

అయినా ఆ షాపులో మింట్ పెట్టలేదు. క్యూలో పదిమంది నిలబడి ఉండగా పాత అర్జీ నమూనా తెరుచుకోకపోతే పక్క షాపుకి పోతారు. అక్కను, పిల్లలను పోషించేది ఆ క్యూ. బాబాయి దగ్గర ఫారం అడ్డం పడింది కాబట్టి మార్పు వచ్చింది, బావని ఎవరూ ఏమీ అడగట్లేదు. నేను చేసిందల్లా ఆ విండోసులోనే లిబ్రెఆఫీసు, మండలి ఫాంటు వేసి, యూనికోడ్ తెలుగు కీబోర్డు పెట్టి, కొత్త అఫిడవిట్లు ఇందులో కొట్టమని చెప్పడం. నోటరీ అఫిడవిట్ నమూనాలు నాలుగు అప్పుడే తిరగరాసుకున్నాడు. పేజ్‌మేకర్లో ఇంకా ఎన్నున్నాయి బావా అంటే, "లెక్క వెట్టలె. ఓ ఐదారు వందలుంటయ్ తియ్" అన్నాడు.